పందిరి అంచున నిలబడ్డవాళ్లు

తల్లీ,

బాబుకు జ్ఞానస్నానం పెట్టుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. హాలు మాట్లాడారట, కేటరింగువాళ్లకు అడ్వాన్సు ఇచ్చారట, పిల్లాడి తెల్లబట్టలు కుట్టుకి వెళ్లాయట. జ్ఞాన తల్లిదండ్రులు ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదట. బిర్యానీ ఖాయమయ్యాక ఆత్మ సంగతి చూద్దామనుకున్నారన్నమాట! కోప్పడకు. బతుకంతా ఉపదేశిగా పనిచేసిన ముసలివాడికి ఈపాటి ఎత్తిపొడుపు హక్కు ఉంటుంది.

ఉపదేశి అంటే ఏమిటో మీ ఆయనకు సరిగా తెలియకపోవచ్చు, చెప్పు. ఫాదర్ గారు నెలకోసారి పూజకు వచ్చే పల్లెల్లో మిగతా రోజులన్నీ జపమాల చెప్పించేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, పుట్టుకకైనా చావుకైనా అందరికంటే ముందు వెళ్లి నిలబడేదీ ఉపదేశే. జ్ఞానస్నానాలు, మొదటి సత్ప్రసాదాలు, పెళ్లిళ్లు, సమాధులు ఎన్ని చూశానో. అన్నిటికీ నా చోటు పీఠం దగ్గర కాదు, తలుపు దగ్గర. వచ్చేవాళ్లకు దారి చూపిస్తూ, ఏడ్చే పిల్లల్ని బయటికి పంపిస్తూ ఉండేవాణ్ణి. అక్కణ్ణుంచి చూస్తే ప్రతి శుభకార్యానికీ ఒక అంచు కనిపిస్తుంది. ఆ అంచున ఎవరో ఒకరు, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడి ఉంటారు. నా ఉద్యోగం నాకు నేర్పిన చదువు అదొక్కటే. నీకు చెప్పాలనుకుంటున్నదీ అదే.

కానా పల్లెలో పెళ్లి గుర్తుంది కదా, యోహాను సువిశేషం రెండో అధ్యాయం. ద్రాక్షరసం అయిపోయిందని పెళ్లికొడుకు ఎవరితోనూ అనలేదు, విందు పెద్దా అనలేదు. అన్నది పిలుపు మీద వచ్చిన మరియమ్మ. పెళ్లికి వెళ్లి కూడా వంటింటివైపు ఒక కన్ను వేసి ఉంచే ఆడవాళ్లు మన ఊళ్లోనూ ఉంటారు, మీ నాయనమ్మ అలాంటిదే. ప్రసంగాల్లో ఆరు రాతి బానల గురించి చెబుతారు, చెప్పాల్సిందే. నా మనసు మాత్రం ఆ బానలకంటే ముందున్న చూపు దగ్గర ఆగుతుంది. నీళ్లను రసం చేయడం మన చేతిలో లేదు. ఏది తక్కువైందో చూడడం ఉంది.

ఇక జ్ఞాన తల్లి సంగతి. శ్రీసభ అడిగేది కొంచెమే. జ్ఞాన తండ్రి గానీ జ్ఞాన తల్లి గానీ ఒక్కరున్నా చాలు. 16 ఏళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం పొంది, విశ్వాసంలో నడిచే కతోలికులై ఉండాలి. కన్నవాళ్లు కాకూడదు. అమెరికాలో ఉన్న నీ స్నేహితురాలి పేరు అనుకుంటున్నారని విన్నాను. మంచి పిల్లే, కాదనను. కానీ మీ పెద్దపిన్ని పేరు ఎవరికీ ఎందుకు తట్టలేదు? నీకు పరలోక జపం నేర్పింది ఆవిడ. మంగళవార్త జపం సగంలో నువ్వు నిద్రపోతే మిగతా సగం నీ తరఫున తనే చెప్పింది. పిల్లలు లేరని ఊయల ఫంక్షన్లలో వెనక వరసలో కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఎవరూ కూర్చోమనలేదు, నిజమే. ముందుకు రమ్మనీ ఎవరూ అనలేదు. మనం క్రైస్తవులం, శకునాలు నమ్మమని చెప్పుకుంటాం. అయినా పసుపు దంచేటప్పుడు, మధుపర్కాలు అందించేటప్పుడు మీ చిన్నమ్మమ్మ లాంటి భర్త పోయిన ఆడవాళ్లు తమంతట తామే పక్కకు తప్పుకుంటారు, మనం చూసీ చూడనట్టుంటాం. ఆ ‘చూసీ చూడనట్టు’ ఉండటాన్ని నేను పాపసంకీర్తనంలో చెప్పుకోదగ్గ పాపాల్లోనే వేస్తాను. పీఠం ముందు బాబును చేతుల్లో పట్టుకోవడానికి మీ పెద్దపిన్నిని అడుగు. పాస్కా వత్తి నుంచి దీపం వెలిగించి ఆవిడ చేతికిస్తారు. ఆ దీపం ఆరకుండా చూసుకునే ఓపిక ఆవిడకున్నట్టు ఇంకెవరికీ లేదు.

మీ అత్తగారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఓపిగ్గా విను. ఆవిడ గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరులో అడుగు పెట్టినప్పటి నుంచీ నడుస్తున్న సంఘం అది. ఆవిడ భక్తి నా భక్తికంటే ఎక్కువే అయి ఉంటుంది. ఆవిడ పొందిన బాప్తిస్మాన్ని మన శ్రీసభ ఒప్పుకుంటుంది, మళ్లీ ఎవరూ నీళ్లు పోయనక్కర్లేదు. కతోలిక జ్ఞాన తల్లి పక్కన సాక్షిగా నిలబడడానికి కూడా ఆవిడకు అడ్డు లేదు, మీ విచారణ గురువును అడిగి ఆ ఏర్పాటు చెయ్యి. చిక్కల్లా సత్ప్రసాదం దగ్గర. అందరూ వరసలో కదులుతారు, సొంత మనవడి పండుగనాడు ఆవిడ బల్ల మీద ఒక్కతే కూర్చోవాలి. నియమం ఎందుకుందో నాకు తెలుసు, దాన్ని గౌరవిస్తాను కూడా. కానీ ఆ సంగతి ఆవిడకు గుడిలో, వరస కదిలాక, ఎవరో వలంటీరు చెయ్యి అడ్డం పెట్టి చెప్పకూడదు. రెండు రోజుల ముందే ఇంట్లో కాఫీ తాగుతూ నువ్వే చెప్పు. మీ ఆయన చేత చెప్పించొద్దు, నువ్వే. చాలా చోట్ల చేతులు రొమ్ముకు కట్టుకుని వరసలో వస్తే గురువు ఆశీర్వదిస్తారు. ఆవిడకు ఇష్టమైతే అలా రావచ్చు, లేకపోతే లేదు. పూజ అయ్యాక బాబుకోసం ఒక ప్రార్థన చేయమని ఆవిడను అడుగు. లూథరన్లు నోటికొచ్చినట్టు, అంటే మంచి అర్థంలోనే అంటున్నాను, అప్పటికప్పుడు ఎంత చక్కగా ప్రార్థన చేస్తారో నీకు తెలుసు. మనం పుస్తకం లేకపోతే తడబడతాం.

హాలు విందుకు వద్దాం. చదివింపుల పుస్తకం పెట్టొద్దు. ఇది సలహా కాదు, తాతగా నా మాట. విందు చేసేటప్పుడు తిరిగి పిలవగలిగినవాళ్లను కాదు, పిలవలేనివాళ్లను పిలవమని ప్రభువు చెప్పిన సంగతి లూకా 14లో ఉంది. మన చదివింపుల పుస్తకం దానికి సరిగ్గా అడ్డంగా నిలబడుతుంది. ఎవరింటికి మనం ఎంత పెట్టాం, వాళ్లు మనకెంత పెట్టారన్న లెక్క అందులో ఉంటుంది. కవరు తేలేనివాడు ఏదో సాకు చెప్పి రాడు, మనం రాలేదేమని అడగం. మీ అపార్టుమెంటులో మెట్లకింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుందని చెప్పావు. వాళ్లకు మిగిలింది పార్సిల్ కట్టి పంపిద్దామనుకుంటున్నావేమో. అలా కాదు. కార్డు ఇచ్చి పిలువు, వాళ్లొచ్చినప్పుడు ఎదురెళ్లు.

ఇక్కడ కులం మాట రాక తప్పదు. నా చిన్నప్పుడు మన ఊరి క్రైస్తవుల పెళ్లిళ్లలోనూ బంతులు వేరుగా సాగేవి. గుడిలో ఒకే సత్ప్రసాదం, బయట రెండు విస్తర్లు. ఇప్పుడు బఫే వచ్చింది కాబట్టి అది పోయిందనుకోకు. ప్లేటు పట్టుకుని ఎవరు ఎవరి పక్కన నిలబడుతున్నారో ఒకసారి చూడు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారిని కార్డినల్ చేసినప్పుడు మన వీధిలో టపాసులు కాల్చారు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్, దళిత కుటుంబంలో పుట్టినవారిలోనూ తొలి కార్డినల్. గర్వపడాల్సిందే. ఆ టపాసులు కాల్చినవాళ్లలో కొందరు ఆ మరుసటి నెలలోనే కూతురికి సంబంధం వస్తే కుర్రాడు ఎలాంటివాడని కాకుండా ‘ఏమిట్లు’ అని కులం అడిగారు. 2016లో భారత మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత మీద విధాన పత్రం తెచ్చి, శ్రీసభలోపలే వివక్ష ఉందని ఒప్పుకుంది. పెద్దలు కాగితం మీద ఒప్పుకున్నది మనం పందిట్లో ఒప్పుకోవాలి కదా. నువ్వు ఒక్క పని చెయ్యి. మన ఊరి గుడిని ఊడ్చి, గంట కొట్టి, పూలు పెట్టే కుటుంబం ఉంది. మీ అమ్మ పెళ్లికీ నీ పెళ్లికీ తెల్లవారుజామున గుడి తలుపులు తీసింది వాళ్లే. వాళ్లను బస్సు ఛార్జీలిచ్చి హైదరాబాదు పిలిపించు. ఆ రోజు మా టేబుల్ దగ్గరే వాళ్లకూ కుర్చీలు వేయించు.

నువ్వూ అబ్బాయీ మాటామాటా అనుకుంటున్నారని కూడా విన్నాను. మీ అమ్మ చెప్పలేదులే, నీ గొంతే చెప్పింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర ఉండదు, నిద్ర లేని చోట న్యాయం ఉండదు. ఒక సంగతి గుర్తు పెట్టుకో. మిగతా సంస్కారాలు మామూలుగా గురువుల చేతి మీదుగా వస్తాయి గానీ పెళ్లి అలా కాదు. మన లత్తీను శ్రీసభ బోధన ప్రకారం వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. ఫాదర్ గారు శ్రీసభ తరఫు సాక్షి. మీ మూడు ప్రకటనలు చదివిన ఆదివారాలూ, శిలువ గుర్తున్న పుస్తె కట్టిన క్షణమూ అయిపోయాయి. కానీ ఇచ్చిన మాట ఇస్తూనే ఉండాలి. రాత్రి రెండింటికి బాబు ఏడిస్తే ఎవరు లేస్తారన్నది అందులో భాగమే. ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో కుటుంబం గురించి రాసిన లేఖలో ఇంట్లోవాళ్లను అనుమతి అడగండి, కృతజ్ఞత చెప్పండి, క్షమాపణ కోరండి అన్నారు. మన ఇళ్లలో మొగుడు థాంక్స్ చెబితే పెళ్లానికి అనుమానం వస్తుంది, అది వేరే సంగతి. థాంక్స్ అనలేకపోతే పాలసీసా కడగమను, అదే అర్థం.

పునీతుల్లో భార్యాభర్తలు తక్కువని నువ్వు చిన్నప్పుడు నన్ను అడిగావు, అందరూ ఫాదర్లూ సిస్టర్లేనా తాతయ్యా అని. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. 2015 అక్టోబరు 18న వచ్చింది. చిన్న తెరేజమ్మ తల్లిదండ్రులు లూయీ మార్టిన్, జెలీ ఇద్దరినీ ఒకేసారి పునీతులుగా ప్రకటించారు. దంపతులను జంటగా ప్రకటించడం అదే మొదటిసారి. ఆయన గడియారాలు బాగుచేసేవాడు, ఆవిడ ఆలెన్సన్ ఊళ్లో లేసు అల్లించి అమ్మేది. మన నర్సాపురం ఆడవాళ్లకు చెబితే సంతోషిస్తారు, లేసు అల్లిన చేతులకూ పునీత పట్టం ఉందని. తొమ్మిదిమంది పిల్లలు, నలుగురు చిన్నతనంలోనే పోయారు. జెలీ 1877లో రొమ్ము క్యాన్సరుతో కన్నుమూసింది. ఇవన్నీ పుస్తకాల్లో రాస్తారు. అంతగా చెప్పుకోనిది లూయీ చివరి రోజులు. ఆయనకు మతి చలించింది. 1889 నుంచి మూడేళ్లు కాన్ నగరంలో మానసిక రోగుల ఆస్పత్రిలో ఉన్నాడు. ఊరు ఆయన కూతుళ్లనే తప్పుపట్టింది, వాళ్లు మఠాల్లో చేరడం వల్లే తండ్రికి ఇలా అయిందని. అటువంటి మనిషిని శ్రీసభ పీఠం ఎక్కించింది. మరి మనం? ఇంట్లో మతిమరపు వచ్చిన పెద్దవాళ్లున్నా, మందులు వాడుకునే తమ్ముడున్నా, పెళ్లిచూపుల రోజు లోపలి గదిలో పెట్టి తలుపు వేస్తాం. మీ మామగారి అన్నగారు ఈమధ్య మనుషుల్ని గుర్తుపట్టడం లేదన్నావు. ఆయన్ను తీసుకురండి. పూజ మధ్యలో లేచి ఏదైనా అంటే అననీ. గుడిలో పసిపిల్లలు అరిస్తే ఓర్చుకుంటున్నాం కదా.

రోజువారీ సంగతులు పెద్దగా చెప్పను, నీకు తెలుసు. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. తపస్సు కాలంలో శుక్రవారం మాంసం మానేసి రొయ్యల ఇగురు వండుకోవడం మన ఇంటి సంప్రదాయమైపోయింది. నియమం తప్పలేదు, నిజమే. రొయ్యలు మటన్ కంటే ఎక్కువ ఖరీదైనప్పుడు త్యాగం ఎక్కడుందో మాత్రం నాకు అర్థం కాదు. ఈసారి శుక్రవారాలు పప్పూ పచ్చడీ తినండి. మిగిలిన డబ్బు మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లల పుస్తకాలకు ఇవ్వు. ఇచ్చేటప్పుడు ‘తపస్సు కాలం దానం’ అని చెప్పకు. దానమన్న మాట వింటే ఆ పిల్ల తల వంచుకుంటుంది.

రోగుల గురించి. ఫిబ్రవరిలో గుణదల వెళ్లాలని మొక్కుకున్నారట, వెళ్లండి. కొండ ఎక్కండి, కొబ్బరికాయ కొట్టండి, బాబు తలనీలాలు ఇవ్వండి. అయితే 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ల ఎందుకు జరుగుతుందో తెలుసు కదా, 1858లో లూర్దులో బెర్నదెత్తకు మరియతల్లి మొదటిసారి కనిపించింది ఫిబ్రవరి 11నే. ఆ రోజునే రెండవ జాన్ పౌలు పోపుగారు లోకమంతటా రోగుల దినంగా పెట్టారు, 1993 నుంచి పాటిస్తున్నారు. కాబట్టి కొండ ఎక్కి వచ్చాక, విజయవాడలోనే డయాలిసిస్ చేయించుకుంటున్న మీ బాబాయి దగ్గరికి వెళ్లకుండా రైలెక్కితే మొక్కు సగమే తీరినట్టు. అక్కడ గంట కూర్చోండి. ‘ఏం కాదు, దేవుడున్నాడు’ అని చెప్పి లేచి రావద్దు. దేవుడున్నాడన్న సంగతి ఆయనకు మీకంటే బాగా తెలుసు. క్రికెట్ మాట్లాడమను అబ్బాయిని.

మరొకటి. మన పల్లెల్లో ఫాదర్ గారు తైలం పట్టుకుని ఇంటికొస్తే, ఇక మనిషి పోయినట్టేనని ఆడవాళ్లు ఏడుపు లంకించుకునేవారు. యముడి దూతను చూసినట్టు చూసేవారు పాపం ఆయన్ని. అప్పట్లో దాన్ని అవస్థ అభ్యంగనం అనేవాళ్లం, చివరి ఊపిరి దాకా ఆగేవాళ్లం. 1972లో ఆరవ పౌలు పోపుగారు కొత్త క్రమం ఇచ్చిన తర్వాత అది రోగుల అభ్యంగనమైంది. పెద్ద ఆపరేషనుకు ముందు తీసుకోవచ్చు, వయసు మీదపడి నీరసించినవాళ్లు తీసుకోవచ్చు, జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. స్పృహ ఉన్నప్పుడు, మాట్లాడగలిగినప్పుడు గురువును పిలవండి. ఐసీయూ అద్దం అవతల నిలబడి పిలిస్తే పాపం ఆయనేం చేస్తాడు? నా విషయంలో ఈ తప్పు చేయకు. వచ్చే నెల కంటి ఆపరేషనుకే పిలవమంటే మీ అమ్మ నవ్వింది. కంటికి అంత అవసరం లేదులే, గుండెకు సంబంధించిందేదైనా ఉంటే మాత్రం గుర్తుంచుకో.

చావు సంగతి కూడా చెప్పేస్తాను, మీ అమ్మ ఈ ఉత్తరం చదివితే ఈ ముక్క దాటేయమను. దయాకార్యాలు ఏడని నేర్పాను నీకు. ఆకలి, దప్పిక, బట్టలు, పరదేశి, రోగి, ఖైదీ, ఈ ఆరూ మత్తయి 25లో ఉన్నాయి. ఏడోది, చనిపోయినవాళ్లను పాతిపెట్టడం, తోబితు గ్రంథం నుంచి వచ్చింది. మీ అత్తగారి బైబిల్లో తోబితు ఉండదు, చదవమని మన బైబిలు ఇవ్వు, ఆవిడకు నచ్చుతుంది. మన ఊళ్లో ఆ ఏడోదానికి ఇంకా కొంత గౌరవం మిగిలి ఉంది. ఎవరు పోయినా, ఏ వీధివాళ్లయినా, గంట మోగితే ఇంటికొకరు వస్తారు. అపార్టుమెంట్లలో అది లేదు. పక్క ఫ్లాట్‌లో ఎవరైనా పోతే వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోకు. తలుపు తట్టు. వాళ్లింట్లో ఆ పూట పొయ్యి వెలగదు, అన్నం వండి తీసుకెళ్లు. హిందువులైతే ఏం పట్టుకెళ్లవచ్చో వాళ్ల బంధువుల్ని అడుగు. ముస్లింలైతే జనాజా ఎప్పుడో అబ్బాయిని కనుక్కోమను, వెంట నాలుగడుగులు నడిచి రమ్మను.

నాకు మాత్రం ఫ్లెక్సీ వేయించొద్దు. నా మొహం నాలుగు రోడ్ల కూడలిలో వర్షానికి తడుస్తూ ఉండడం నాకు ఇష్టం లేదు. పెట్టె మోయడానికి మన వీధివాళ్లతో పాటు పల్లెలోవాళ్లనూ పిలవండి, నేను జపాలు నేర్పిన పిల్లలు రెండువైపులా ఉన్నారు. సమాధి తోటలో మీ నాయనమ్మ పక్కన చోటు లేకపోతే ఎక్కడ ఉంటే అక్కడే, కులం లెక్కన తూర్పు వరసా పడమటి వరసా అని ఎవరైనా అంటే నా పేరు చెప్పి ఊరుకోబెట్టు. నెల తిరిగాక పూజ పెట్టించండి, నవంబరు 2న కొవ్వొత్తి పెట్టండి, చాలు. పాటలు మాత్రం పాతవే పాడించాలి. ఆ రాగాలు వచ్చినవాళ్లు మన విచారణలో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్లకూ వయసైపోతోంది. నీ గొంతు బాగుంటుంది. సెలవుల్లో వచ్చినప్పుడు నాలుగు రోజులు ఎక్కువుండేట్టు రా, నేర్పిస్తాను.

మీ తాతయ్య